ఆ 384 మంది ఎవరు?

హైదరాబాద్‌లో ఏ యూనివర్సిటీ లైబ్రరీకైనా వెళ్లి, థీసిస్‌లు పేర్చిన అరల దగ్గర ఓ గంట కూర్చుని, మేనేజ్‌మెంట్, కామర్స్, సోషియాలజీ పరిశోధనల్లో పద్ధతి గురించి రాసే మూడో అధ్యాయం మాత్రమే తిరగేస్తే ఒక అంకె పదేపదే ఎదురవుతుంది. 384. ఆన్‌లైన్‌లో కొనే అలవాట్ల మీద పరిశోధన అయినా, మహిళా సంఘాల పొదుపు మీద అయినా, ఐటీ ఉద్యోగుల టెన్షన్ మీద అయినా శాంపిల్ మాత్రం 384. గుండ్రంగా ఉంటుందని కొందరు దాన్ని 400 చేస్తారు.

ఈ అంకె ఊరికే పుట్టింది కాదు. జనాభా లక్షల్లో ఉన్నప్పుడు, ఒక ప్రశ్నకు సగం మంది అవునని, సగం మంది కాదని అంటారనుకుని, 95 శాతం నమ్మకంతో, అటూఇటూ 5 శాతం తేడాలోపు జవాబు రావాలంటే ఎంతమందిని అడగాలి అన్న లెక్క ఇది. 1.96ను దానితోనే హెచ్చవేసి, 0.25తో హెచ్చవేసి, 0.0025తో భాగిస్తే 384.16 వస్తుంది. 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు ఈ లెక్కను పట్టికగా అచ్చువేశారు. అప్పటినుంచి విద్యార్థికి లెక్క చేసే పని కూడా తప్పింది, పట్టికలో వేలు పెడితే చాలు.

లెక్కలో తప్పు లేదు. కానీ దానికి ఒక షరతుంది. జనాభాలో ప్రతి ఒక్కరికీ శాంపిల్‌లో పడే అవకాశం సమానంగా ఉండాలి, లక్కీ డ్రాలో చీటీ తీసినట్టు. మామూలుగా జరిగేది వేరు. గూగుల్ ఫామ్ తయారవుతుంది. గైడ్ గారి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులోకి, మాదాపూర్‌లో పనిచేసే బావ ఆఫీసు గ్రూపులోకి, అపార్ట్‌మెంట్ గ్రూపులోకి లింకు వెళుతుంది. ‘ప్లీజ్, రెండు నిమిషాలే’ అని బతిమాలుతూ పదిహేను రోజులు గడుస్తాయి. 384 పూర్తికాగానే ఫామ్ మూసేస్తారు. థీసిస్ శీర్షికలో మాత్రం ‘హైదరాబాద్ నగర వినియోగదారులు’ అని ఉంటుంది. ఆ వినియోగదారుల్లో యాకుత్‌పురాలో కిరాణా కొట్టు నడిపే మనిషి లేడు, జీడిమెట్లలో షిఫ్టు డ్యూటీకి వెళ్లే మనిషి లేడు. ఇంగ్లీషు, డేటా ప్యాక్, రాత్రి పదకొండుకు ఫామ్ నింపే తీరిక ఉన్నవాళ్లే ఉన్నారు.

కాస్త శ్రద్ధ ఉన్నవాళ్లు ఇంటింటికీ తిరుగుతారు. అక్కడా చిక్కే. ఒకే బస్తీలో పక్కపక్క ఇళ్లలో 40 మందిని అడిగితే 40 మంది అనుభవం దొరకదు. అందరిదీ ఒకే నల్లా, ఒకే రేషన్ షాపు, ఒకే కార్పొరేటర్. జవాబులు ఒకదాన్నొకటి పోలి ఉన్నప్పుడు 384 మంది బరువు ఏ వందో నూటయాభై మందికో పడిపోవచ్చు. ఎంత పడిపోతుందో లెక్కగట్టే సూత్రం ఉంది కానీ, మూడో అధ్యాయంలో అది అరుదుగా కనిపిస్తుంది.

పరిశోధన పద్ధతుల మీద వర్క్‌షాప్ పెడితే మూడు రోజుల్లో రెండు రోజులు సాఫ్ట్‌వేర్‌కే పోతాయి. ఏ బటన్ నొక్కితే ఏ పట్టిక వస్తుందో చూపిస్తారు. అసలు తప్పు అంతకు చాలా ముందే, ఎవరిని అడిగాం, ఏమని అడిగాం, జాబితాలో ఎవరు లేరు అన్న దగ్గరే జరిగిపోయి ఉంటుంది. ఇది సోషల్ సైన్సెస్‌కే పట్టిన జబ్బు అనుకుంటే పొరపాటు. వైద్యంలో, జన్యుశాస్త్రంలో, చరిత్రలో, కంప్యూటర్ సైన్స్‌లో అదే చిక్కు వేరే వేషంలో వస్తుంది. ఈ విషయంలో హైదరాబాద్‌కు 130 ఏళ్లకు పైబడిన అనుభవం ఉంది.

క్లోరోఫామ్ పంచాయితీ

1847లో క్లోరోఫామ్ మత్తుమందుగా వాడుకలోకి వచ్చింది. అప్పుడప్పుడు ఆపరేషన్ బల్ల మీద రోగి ఉన్నట్టుండి చనిపోయేవాడు. శ్వాస ఆగి పోతున్నాడా, గుండె ఆగి పోతున్నాడా అన్నది డాక్టర్ల మధ్య పెద్ద తగాదా. శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి చూడనక్కర్లేదు అన్నది ఎడిన్‌బరో సంప్రదాయం. హైదరాబాద్‌లో రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఆ సంప్రదాయంలో చదువుకున్నవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో 1888లో ఇక్కడ మొదటి క్లోరోఫామ్ కమిషన్ కూర్చుంది. కుక్కలకు క్లోరోఫామ్ ఇస్తూపోయి ముందు ఏది ఆగుతుందో చూశారు. ముందు శ్వాసే ఆగింది.

లండన్‌లోని లాన్సెట్ వైద్య పత్రిక ఈ ఫలితాన్ని ఒప్పుకోలేదు. అయితే మీ మనిషినే పంపండి అని నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాద్ వచ్చాడు. రెండో కమిషన్ వందల జంతువుల మీద ప్రయోగాలు చేసింది, వాటిలో చాలావాటి రక్తపోటును యంత్రంతో గీతలుగా గీసి భద్రపరిచింది. గుండెకూ ప్రమాదం ఉందని నమ్ముతూ వచ్చిన బ్రంటన్ ఇక్కడ చూసినదాన్ని బట్టి లారీ పక్షానికి మారిపోయాడు. ఒక శాస్త్రవేత్త తన అభిప్రాయానికి ఎదురుగా వచ్చిన సాక్ష్యాన్ని ఒప్పుకోవడం గొప్పే. ప్రయోగాల సంఖ్యలో లోటు లేదు, డబ్బులో లోటు లేదు, బయటి మనిషి తనిఖీ కూడా ఉంది. అయినా ఫలితం తప్పు.

తప్పని తేలింది 1911లో. గుడ్‌మన్ లెవీ అనే డాక్టర్ పిల్లుల మీద పనిచేసి, క్లోరోఫామ్ తక్కువ మోతాదులో ఉన్నప్పుడే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణికిపోయి ఆగిపోగలదని చూపించాడు. ఆపరేషన్ బల్ల మీద హఠాత్తుగా పోయినవాళ్లలో చాలామంది అలా పోయినవాళ్లే: మత్తు ఇంకా సరిగా ఎక్కకముందు, భయంతో ఒళ్లంతా బిగుసుకున్న స్థితిలో. హైదరాబాద్ కమిషన్ ఎక్కువగా చేసింది మోతాదు పెంచుతూ జంతువు చచ్చిపోయేదాకా చూడటం. మోతాదు మించితే ముందు శ్వాసే ఆగుతుంది, అది నిజమే. వాళ్లు అడిగిన ప్రశ్నకు సరైన జవాబే వచ్చింది. ఆపరేషన్ బల్ల మీది రోగికి సంబంధించిన ప్రశ్న వేరే.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మరణాలు వేలల్లో ఒకటి జరిగేవి. అరుదైన ప్రమాదం ప్రయోగంలో కనిపించలేదంటే ఏమిటి అర్థం? గణాంకశాస్త్రంలో దీనికి చిన్న చిట్కా ఉంది, మూడు సూత్రం అంటారు. 500 సార్లు చూసినా ఒక్కసారీ ప్రమాదం జరగకపోతే, ప్రమాదం లేదని అర్థం కాదు. 500లో 3 దాకా, అంటే వెయ్యికి ఆరు దాకా ఉండే అవకాశాన్ని ఆ లెక్క కొట్టిపారేయలేదు. కొత్త మందు ట్రయల్‌లో కనిపించని దుష్ప్రభావం మార్కెట్‌లోకి వచ్చాక బయటపడటానికి ఇదే కారణం. ‘మా స్టడీలో ఎవరికీ ఏమీ కాలేదు’ అన్న వాక్యం పక్కన ఎంతమందిలో అన్న అంకె లేకపోతే ఆ వాక్యానికి విలువ లేదు.

అదే నగరంలో ఎనిమిదేళ్ల తర్వాత దీనికి తిరగేసిన కథ నడిచింది. బ్రిటిష్ సైనిక డాక్టర్ రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లోనూ, మధ్యలో బెంగళూరులోనూ కలిపి రెండేళ్లకు పైగా దోమల్ని కోసి చూశాడు. బూడిదరంగువి, చారలవి. మలేరియా పరాన్నజీవి జాడ లేదు. అక్కడితో ఆపి, దోమకూ మలేరియాకూ సంబంధం లేదని వ్యాసం రాసేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు, అంత సాక్ష్యం ఉంది మరి. 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు కొన్ని చేతికొచ్చాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టించి, ఒక్కో దోమకు అణా చొప్పున అతనికి చెల్లించి, ఆగస్టు 20న ఆ దోమ కడుపు గోడలో తను వెతుకుతున్నది చూశాడు. అది ఎనాఫిలిస్ జాతి. అన్నాళ్లూ కోసినవి మలేరియాను మోసే జాతివి కావు. ‘దోమ’ అన్న ఒక్క మాట కింద వేర్వేరు జీవుల్ని కలిపేయడం వల్ల రెండేళ్లు పోయాయి. 1902లో నోబెల్ వచ్చింది కాబట్టి ఆ రెండేళ్లను పట్టుదల అంటున్నాం. ఇప్పటి మూడేళ్ల ప్రాజెక్టు గడువుల్లో రాస్‌కు రెండో విడత గ్రాంటు వచ్చేదా అన్నది అనుమానమే. రోగికి డబ్బిచ్చి దోమలతో కుట్టించడాన్ని ఈనాటి ఎథిక్స్ కమిటీ అయితే సులువుగా ఒప్పుకోదు, అది వేరే సంగతి.

‘ఘర్ మేఁచ్ రైతీ’

సర్వేలో అన్నిటికన్నా తేలికగా కనిపించే ప్రశ్న ‘మీరేం పని చేస్తారు?’. చార్మినార్ పక్కన లాడ్ బజార్ వెనక సందుల్లో ఈ ప్రశ్న వేస్తే వచ్చే జవాబు ఊహించవచ్చు. లక్క గాజుకు రాళ్లు అతికిస్తూనే, తల ఎత్తకుండా, ‘కుచ్ నై కర్తీ, ఘర్ మేఁచ్ రైతీ’ అంటుంది ఆమె. ఏమీ చేయను, ఇంట్లోనే ఉంటాను అని. ట్యాబ్‌లో ‘గృహిణి, ఉపాధి లేదు’ అన్న గడిలో టిక్ పడుతుంది. ఆమె దృష్టిలో పని అంటే బయటికి వెళ్లి నెల జీతం తెచ్చేది. గుర్సుకు, అంటే పన్నెండు డజన్లకు, ఇన్ని రూపాయలని చేతికొచ్చేది పని కిందికి రాదు. అదే కుటుంబంలో అదే పని మగవాడు చేస్తే ‘కారీగర్’ అని చెబుతాడు.

ఆడవాళ్లు ఎంతమంది పనిచేస్తున్నారన్న జాతీయ లెక్కల మీద ఇన్నేళ్లుగా నడుస్తున్న వాదనలో ఒక ముక్క ఈ సందులోనే ఉంది. దీనికి విరుగుడుగా వచ్చింది సమయ వినియోగ సర్వే. మన దేశంలో జాతీయ స్థాయిలో మొదటిసారి 2019లో చేశారు. ‘పని చేస్తారా’ అని అడగరు. నిన్న తెల్లవారుజామున నాలుగు నుంచి ఇవాళ నాలుగు దాకా ప్రతి అరగంటా ఏం చేశారో చెప్పమంటారు. అప్పుడు గాజులు బయటికొస్తాయి. ఖర్చు, ఓపిక రెండూ ఎక్కువ కావాలి, నిజమే. కానీ ప్రశ్న మారితే మనిషి నిరుద్యోగి నుంచి కార్మికురాలు అవుతుందన్నది చిన్న తేడా కాదు.

భాష దగ్గర ఇంకా సున్నితమైన చిక్కులు ఉంటాయి. మానసిక ఆరోగ్య పరిశోధనల్లో డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం ఒకటి బాగా వాడుకలో ఉంది. గత రెండు వారాల్లో దిగులుగా, నిరాశగా ఎన్ని రోజులు అనిపించింది అని అడుగుతుంది. జవాబులు నాలుగు: అసలు లేదు, కొన్ని రోజులు, సగం కంటే ఎక్కువ రోజులు, దాదాపు రోజూ. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఒకరు, తెలుగు నుంచి తిరిగి ఇంగ్లీషులోకి ఇంకొకరు అనువదించి, రెండూ సరిపోయాయని చూసుకుంటారు. పద్ధతి ప్రకారం అంతా సక్రమం. అయితే అనువదించిన ఇద్దరూ చదువుకున్నవాళ్లే, పుస్తక భాష తెలిసినవాళ్లే. తెలంగాణ పల్లెలో పెద్దావిడ ‘దిగులు’ అనదు, ‘రంది’ అంటుంది. ‘బిడ్డ రంది పెట్టుకున్న’ అంటుంది. నగరంలో కుర్రాడు రెండూ అనడు, ‘టెన్షన్’ అంటాడు. బస్సు మిస్సయినా టెన్షనే, పెళ్లి చెడినా టెన్షనే. ఇక ‘సగం కంటే ఎక్కువ రోజులు’ అన్న జవాబు ఏ భాషలో అడిగినా మనుషుల నోట రాదు. ‘ఉంటది అప్పుడప్పుడు’ అంటారు. దాన్ని ఒకటి వేయాలా, రెండు వేయాలా అన్నది సర్వే చేసే అమ్మాయి అక్కడికక్కడే తేల్చుకుంటుంది. ఇద్దరు సర్వేయర్లు రెండు రకాలుగా తేల్చుకుంటే, రెండు మండలాల మధ్య డిప్రెషన్ తేడా ఉన్నట్టు పట్టికలో కనిపిస్తుంది.

ఈ చిక్కును పట్టుకోవడానికి పెద్ద ఖర్చేం లేదు. అసలు సర్వేకు ముందు ఓ పది పదిహేను మందిని కూర్చోబెట్టి, ప్రశ్న చదివి, ‘మీకేం అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి’ అని అడగాలి. ఒక వారం పని. ఆ వారం దొరకదు. గైడ్ ప్రశ్నల పత్రం మీద సంతకం పెట్టేసరికే రెండేళ్లు అయిపోయి ఉంటాయి.

అడిగితే వచ్చే జవాబుకూ, చేతల్లో కనిపించేదానికీ ఉన్న దూరాన్ని బాగా చూపించిన ప్రయోగం పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి వచ్చింది. ఆ సంస్థ 1975 నుంచి పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరుతోపాటు మహారాష్ట్రలో కొన్ని ఊళ్లను ఎంచుకుని, ఊరికి 40 కుటుంబాల చొప్పున ఏళ్ల తరబడి వివరాలు సేకరించింది. భూమి లేనివాళ్లు పది, చిన్న రైతులు పది, మధ్య స్థాయి రైతులు పది, పెద్ద రైతులు పది. ఈ 40 అన్న అంకె 384 కంటే ఎంత చిన్నదో చూడండి. కానీ వివరాలు సేకరించే మనిషి ఆ ఊళ్లోనే కాపురం ఉండేవాడు. కొన్ని వారాలకోసారి అదే ఇంటికి వెళ్లేవాడు. ఎవరింట్లో ఎద్దు చచ్చిందో, ఎవరు పుస్తెలు తాకట్టు పెట్టారో అతనికి ముందే తెలుసు, కాబట్టి అబద్ధం చెప్పడం కష్టం, చెప్పాల్సిన అవసరమూ తక్కువ.

ఆ ఊళ్లలో హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త రైతుల సాహసాన్ని కొలవాలనుకున్నాడు. రైతు కొత్త విత్తనం వేయకపోవడానికి భయమే కారణమా? ముందు ప్రశ్నలతో అడిగి చూశారు. ఇలాంటి లాటరీ వస్తే తీసుకుంటారా, అలాంటిది వస్తే తీసుకుంటారా అని. జవాబులు పొంతన లేకుండా వచ్చాయి, అడిగిన మనిషిని బట్టి కూడా మారాయి. తర్వాత నిజమైన డబ్బుతో బొమ్మా బొరుసు ఆడించారు. పందెం అర్ధ రూపాయితో మొదలై 50 రూపాయల స్థాయికి చేరింది. ఏది పడ్డా 50 తీసుకోవచ్చు. లేదా కొంచెం రిస్కు, ఇంకొంచెం రిస్కు, చివరికి 200 లేదా సున్నా. అప్పట్లో 50 అంటే కూలికి ఎన్నో రోజుల సంపాదన. పెద్ద పందెంలో దాదాపు అందరూ మధ్యస్థంగా జాగ్రత్తపడ్డారు, ఆస్తి ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. పేద రైతు పిరికివాడు కాబట్టి కొత్తదానికి వెనకాడతాడన్న మాట అక్కడ నిలవలేదు. వెనకాడటానికి కారణం అప్పు పుట్టకపోవడం, నీళ్లు లేకపోవడం వంటివాటిలో వెతకాల్సి వచ్చింది. 1980లో అచ్చయిన ఆ ఫలితాలను ఇప్పటికీ ప్రపంచమంతా ఉదాహరిస్తుంది.

బస్తీలో రాండమైజేషన్

ఎకనమిక్స్‌లో గత ఇరవై ఏళ్ల పెద్ద మార్పు వైద్యం నుంచి ట్రయల్ పద్ధతిని తెచ్చుకోవడం. కొన్ని చోట్ల పథకం ఇచ్చి, కొన్ని చోట్ల ఇవ్వక, ఏ చోటు ఏ జట్టులో పడాలో చీటీ తీసి తేల్చి, తర్వాత తేడా చూడటం. దీనికి హైదరాబాద్ పెద్ద వేదిక అయింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు కలిసి ఇక్కడ 104 బస్తీల్లో సూక్ష్మ రుణాల ప్రభావాన్ని కొలిచారు. 52 బస్తీల్లో స్పందన అనే సూక్ష్మ రుణ సంస్థ బ్రాంచి తెరిచింది, మిగతా 52లో తెరవలేదు.

కాగితం మీద ఇంత శుభ్రమైన పద్ధతి ఇంకొకటి లేదు. బస్తీ మాత్రం కాగితం కాదు. బ్రాంచి లేని బస్తీలకు వేరే రుణ సంస్థలు వచ్చేశాయి. మొదటి విడత లెక్క తీసేనాటికి బ్రాంచి ఉన్న చోట సుమారు 27 శాతం కుటుంబాలు ఏదో ఒక సూక్ష్మ రుణ సంస్థ దగ్గర అప్పు తీసుకుంటే, లేనిచోట కూడా 18 శాతం తీసుకున్నాయి. అప్పు ప్రభావం అని కొలుస్తున్నది నిజానికి ఆ ఎనిమిది, తొమ్మిది శాతం తేడా ప్రభావం. వ్యాపారం మీద పెట్టుబడి కొంత పెరిగింది. చదువు, ఆరోగ్యం, ఆడవాళ్ల మాటకు విలువ వంటివాటిలో మార్పు కనిపించలేదు. సూక్ష్మ రుణం పేదరికాన్ని ఊడ్చేస్తుందన్న ప్రచారానికి ఇది గట్టి దెబ్బ. అలాగని అది ఏమీ చేయదని ఈ అంకెలు రుజువు చేయలేదు.

ఆ వ్యాసంలో ఒక చిన్న వాక్యం ఉంది, చాలామంది దాటిపోతారు. మొదట అనుకున్నవి 120 బస్తీలు. వలస కూలీలు ఎక్కువగా ఉన్న 16 బస్తీలను చీటీలు తీయకముందే తీసేశారు. కారణం అర్థమవుతుంది: రేపు ఉంటారో లేదో తెలియని మనిషికి అప్పు ఇవ్వరు, రెండేళ్ల తర్వాత వెతికినా దొరకరు. దాచిపెట్టకుండా రాసుకున్నారు కూడా. అయితే అడ్డా మీద నిలబడే కూలీ ఎంత మేలైన పద్ధతిలోనైనా ఇలాగే జారిపోతాడు. నగరాన్ని కట్టే చేతులు నగరం మీది లెక్కల్లో ఉండవు.

జాబితా అనే మాట వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. శాంపిల్ తీయాలంటే మొదట మొత్తం జనాభా జాబితా కావాలి. చాలా పరిశోధనలకు ఇప్పటికీ ఆధారం 2011 జనగణన. 2011 నాటి కోకాపేట వేరు, ఇప్పటి కోకాపేట వేరు. పాత వార్డు పటంలో పొలాలున్న చోట ముప్పై అంతస్తుల టవర్లున్నాయి. జిల్లాల సంగతి మరీ తమాషా. తెలంగాణలో 2016 అక్టోబరు దాకా 10 జిల్లాలు, తర్వాత 31, 2019 నుంచి 33. ‘రంగారెడ్డి జిల్లాలో పదేళ్లలో అక్షరాస్యత మార్పు’ అని గీత గీస్తే, ఆ గీతకు మొదట్లో ఒక జిల్లా ఉంటుంది, చివర్లో ఇంకో జిల్లా ఉంటుంది, పేరు ఒక్కటే.

లెక్కపెట్టడమే లెక్కను మార్చేస్తుందనడానికి 2014 ఆగస్టు 19 మంచి ఉదాహరణ. తెలంగాణ ప్రభుత్వం ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే పెట్టింది. సర్వేలో పేరు లేకపోతే పథకాలు పోతాయేమోనని జనం నగరం వదిలి సొంతూళ్లకు బయల్దేరారు. బస్సుల్లో, రైళ్లలో నిలబడటానికి చోటు లేదు. ఆ రోజు ఊళ్లో ఉన్న జనం మామూలు రోజు ఊళ్లో ఉండే జనం కాదు, కానీ పత్రంలో ఊరిపేరు మీదే ఎక్కారు. మనిషికి ఏది తన ఊరు అన్న ప్రశ్నకు అది మంచి సాక్ష్యం. ఆ రోజు ఎవరు ఎక్కడ నివసిస్తున్నారన్నదానికి అంత మంచిది కాదు.

తార్నాక రోడ్డు మీద రెండు కొలతలు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న విచారణ కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మనుషులు ఏం తింటున్నారో తెలుసుకోవడం వినడానికి సులువు. నిన్న ఒక్కరోజు తిన్నదంతా గుర్తుచేసుకుని చెప్పమంటారు. ‘కూర ఎంత వేసుకున్నారు?’ అంటే ‘కొంచెం’ అంటారు. అందుకే సర్వేకు వెళ్లేవాళ్లు వేర్వేరు కొలతల గిన్నెల సెట్టు సంచిలో వేసుకుని వెళతారు. నిన్న పప్పు ఎంత ఉడికించారు, ఉడికాక ఏ గిన్నెకు ఎంతవరకు వచ్చింది, అందులో ఎవరికి ఎంత పోయింది అని గిన్నె చూపించి అడుగుతారు. పండగ రోజైతే ఆ ఇంటి లెక్క తీసుకోరు. ఇంత చేసినా అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే మనిషి వాటాను ఆమె నోటితోనే సరిగ్గా చెప్పించడం కష్టం.

అదే తార్నాకలో పాత ప్రభుత్వ పత్రాలను భద్రపరిచే స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ పత్రాలు అక్కడ లక్షకు పైగా ఉన్నాయి. పర్షియన్, అదీ గొలుసుకట్టు షికస్తా లిపి. చదవగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. నిజాం కాలపు కాగితాల్లో తేదీ ఫసలీ సంవత్సరంలో ఉంటుంది, దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. మూసీ వరద 1908 సెప్టెంబరు 28న వస్తే, సహాయ చర్యల కాగితాలు చాలావరకు 1318 ఫసలీ కింద వెతకాలి. చరిత్రకారుడికి శాంపిల్ ఎంచుకునే భాగ్యం లేదు, మిగిలినదే శాంపిల్. పైగా ఆ పత్రాలు రాసింది సైన్యం, ఖజానా. రైతు అందులో బాకీ పడ్డప్పుడే కనిపిస్తాడు.

పేరు ఉన్న సాక్ష్యాన్ని వదిలి, పేరులేని సాక్ష్యాన్ని చూడటం మరో దారి. 2020లో కరోనా మొదటి దెబ్బలో టెస్టుల లెక్క ఎవరు టెస్టుకు వచ్చారన్న దాన్ని బట్టే ఉండేది. సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ), ఐఐసీటీ (రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి వైరస్ జన్యు శకలాల్ని కొలిచారు. సోకినవాళ్లు సుమారు నెల రోజులకు పైగా విసర్జిస్తారన్న లెక్కతో, ఆ వ్యవధిలో నగరంలో ఆరు లక్షల పైచిలుకు మందికి సోకి ఉండవచ్చని ఆగస్టులో చెప్పారు. లక్షణాలు లేనివాళ్లు, టెస్టుకు భయపడ్డవాళ్లు అందరూ అందులో ఉన్నారు. ఎవరినీ ఏ ప్రశ్నా అడగలేదు. డ్రైనేజీ కనెక్షన్ లేని ఇళ్లు మాత్రం ఇక్కడా లెక్కలో లేవు. నగరపు మురుగులో శుద్ధి కేంద్రానికి చేరేది కొంత భాగమే కాబట్టి మిగతాది అంచనా కట్టాల్సి వచ్చింది.

ఆపరేషన్ బల్ల మళ్లీ

జన్యుశాస్త్రంలో ‘భారతీయులు’ అన్న ఒక్క గడి ఎంత పనికిమాలినదో సీసీఎంబీ చేతుల మీదుగానే తేలింది. 2009లో లాల్జీ సింగ్, తంగరాజ్ తదితరులు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మందితో ఒక అధ్యయనం చేశారు. 132 అంటే థీసిస్ కమిటీ తిప్పికొట్టే అంకె. కానీ ఒక్కో మనిషిలో లక్షల స్థానాల్లో జన్యువును చదివారు, సమూహాలను ఆలోచించి ఎంచారు. ఇక్కడి సమూహాల్లో చాలావాటి మూలంలో కొద్దిమంది పూర్వీకులే ఉన్నారని, వేల ఏళ్లుగా లోలోపలి పెళ్లిళ్ల వల్ల ఒక్కో సమూహానికి ఒక్కో రకం జబ్బు ప్రమాదం గుంపుగా చేరిందని ఆ దారిలో స్పష్టమైంది. 2017లో 260కి పైగా సమూహాలతో చేసిన పని దీన్ని ఇంకా బలపరిచింది.

దీని ప్రయోజనం మళ్లీ మత్తుమందు దగ్గరే కనిపిస్తుంది. ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందును శరీరం నిమిషాల్లో విరిచేయాలి. ఆ పనిచేసే ఎంజైమ్‌లో లోపం మన వైశ్య కుటుంబాల్లో మిగతావారికన్నా చాలా ఎక్కువ. అలాంటి రోగికి ఆ మందు ఇస్తే గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. దేశం మొత్తం మీద సగటు తీస్తే ఈ లోపం అరుదైనదే, పట్టించుకోనక్కర్లేదు అనిపిస్తుంది. తెలుగు ఊళ్లోని ఆపరేషన్ థియేటర్‌లో అది అరుదు కాదు. సగటు అనేది ఎవరి సగటు అన్న ప్రశ్న ఇంత సూటిగా ఇంకెక్కడా తగలదు.

కంప్యూటర్ వైపు చూస్తే, తెలుగు మీద పనిచేసే భాషా పరిశోధనకు గచ్చిబౌలి పరిసరాలే కేంద్రం. అక్కడ చిక్కు రెండు రకాలు. ‘చెప్పలేకపోయాననుకున్నాడేమో’ అన్నది మనకు ఒక్క మాట, యంత్రానికి ఎన్ని ముక్కలో. యూనికోడ్ యుటిఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు. రెండోది అంతకన్నా పెద్దది: నెట్‌లో దొరికే తెలుగులో వార్తాపత్రికల భాష, సినిమా కబుర్లు దండిగా ఉంటాయి, ములుగు రైతు మాట్లాడే తెలుగు ఉండదు. దాంతో తయారైన వ్యవస్థ పరీక్షలో 90 మార్కులు తెచ్చుకుంటుంది, ఎందుకంటే పరీక్ష పేపరూ అదే నెట్ నుంచి తీసిందే. ఇది గూగుల్ ఫామ్ 384కు చుట్టం.

సంతకం ఎవరిది

అనుమతి గురించి ఒక మాట చెప్పక తప్పదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు నడిచింది. వేల మంది బాలికలకు టీకా వేశారు, వారిలో ఎందరో ఆశ్రమ పాఠశాలల గిరిజన పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయని తర్వాత బయటపడింది. 2010లో ప్రాజెక్టు ఆగింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న, మంచిదనే ఆధారాలు ఆ తర్వాత బలపడ్డాయి కూడా. సంతకం విషయం మాత్రం టీకా మంచితనంతో సర్దుకుపోయేది కాదు. ఆ పిల్లల్ని సులువుగా దొరికేవాళ్లు కాబట్టి ఎంచుకున్నారా అన్న అనుమానం ప్రతి హాస్టల్ సర్వేనూ వెంటాడుతుంది.

నిబంధనలు పెరిగితే నాణ్యత పెరుగుతుందన్న ఆశ కూడా పూర్తిగా ఫలించలేదు. 2018 నుంచి యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రచనలతో పోలిక 10 శాతం దాటితే థీసిస్ చిక్కుల్లో పడుతుంది. పద్ధతుల అధ్యాయం నిజానికి ఒకేలా ఉండటమే సహజం, ఒకే ప్రయోగాన్ని ఒకేలా వర్ణించాలి కదా. కానీ శాతం తగ్గించడానికి తిన్నని వాక్యాన్ని వంకర చేస్తారు. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులోకి దించేస్తే పోలికను పట్టే సాఫ్ట్‌వేర్‌కు దొరకడం కష్టం. పీహెచ్‌డీ సమర్పించేముందు వ్యాసాలు అచ్చు కావాలన్న నిబంధనను 2022లో తీసేశాక డబ్బులిచ్చి అచ్చువేయించుకునే పత్రికల గిరాకీ కొంత తగ్గాలి. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్, వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13 వేల పత్రికలు తెరుచుకున్నాయి. జిల్లా డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కు ఇది చిన్న మేలు కాదు. ప్రైవేటు కాలేజీల్లో ఉన్నవాళ్లు ఇంకా బయటే ఉన్నారు.

అసలు కొరతల్లో పెద్దది కాలం. పాత రంగారెడ్డి వైపు 29 ఊళ్లలో 1987 నుంచి 1990 దాకా ఒక ప్రయోగం జరిగింది. 15 ఊళ్లలో అంగన్‌వాడీ ద్వారా గర్భిణులకు, చిన్న పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు, మిగతా 14 ఊళ్లకు పథకం ఇంకా రాలేదు. 2003 తర్వాత అదే పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్లారు. అప్పటికి వాళ్లు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లవాళ్లు. పరీక్షకు దొరికింది దాదాపు సగం మంది. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు కొంచెం పొడుగున్నారు, గుండె జబ్బు, షుగర్ వైపు వెళ్లే సూచనలు కొంత తక్కువగా ఉన్నాయి. ఇప్పుడు ఆ పిల్లలు నడివయసుకు దగ్గరపడుతున్నారు, అసలు జబ్బులు మొదలయ్యేది ఈ వయసులోనే. ఇలాంటి అధ్యయనంలో మగపిల్లవాణ్ని వెతకడం అంత కష్టం కాదు: అదే ఊరు, అదే ఇంటిపేరు. ఆడపిల్ల పెళ్లయి వెళ్లిపోతుంది, ఇంటిపేరు మారుతుంది, ఆధార్‌లో ఊరు మారుతుంది. రిజిస్టరులో పేరు ఎదురుగా ‘వలస’ అని రాస్తే ఒక్క నిమిషం పని. రాయకుండా వాళ్లమ్మ దగ్గర కూర్చుని, అల్లుడి ఫోన్ నంబరు సంపాదించి, అతని డ్యూటీ అయ్యేదాకా ఆగి ఫోన్ చేసి, ఆమెను మాట్లాడించాలంటే ఒక పూట పడుతుంది. ప్రాజెక్టు బడ్జెట్‌లో ఆ పూటకు ఇంకా గడి లేదు.